కార్డు పీకేస్తే స్పీడు పెరిగింది!

“అన్నా, 35 వేలు ఉండాయి. ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోమంటావ్? పొద్దున్నే ఆర్డర్ పెట్టాల.”

2025 ఏప్రిల్‌లో ఒక రాత్రి పదకొండున్నరకు వచ్చిన మెసేజ్ ఇది. పంపింది ప్రొద్దుటూరులో ఉండే మా చిన్నాయన కొడుకు. ఇంట్లో ఒకడు సాఫ్ట్‌వేర్ అయితే చాలు కదా, ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కున్నా, టీవీలో ఓటీటీ రాకపోయినా, ఫోన్ నీళ్లలో పడినా కాల్ వాడికే. నేను ఆఫీసులో రాసేది బిల్లింగ్ యాప్ వెనకాల ఉండే కోడు. హార్డ్‌వేర్ నా సబ్జెక్టే కాదు. కానీ ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం నా దగ్గర సమాధానం ఉంది. ఎందుకంటే ఆ తప్పు నేను ముందే, నా సొంత డబ్బులు పెట్టి చేసేశా.

“ఏమీ ఆర్డర్ పెట్టొద్దు. ఆదివారం వస్తా” అని టైప్ చేసి పడుకున్నా.

ముందు నా ఘనకార్యం చెప్పేస్తా. జమ్మలమడుగులో మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ బీటెక్ రోజుల్లోది. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పని చేసేటప్పుడు జీతంలోంచి మిగిల్చి ఒక జీటీఎక్స్ 1650 కొన్నా. 2019లో వచ్చిన కార్డు అది, 4 జీబీ మెమరీ. పాత డెస్క్‌టాప్ ఉన్నోళ్లకి అది దేవుడిచ్చిన కార్డు. దానికి కావాల్సింది 75 వాట్లే, ఆ కరెంటు మదర్‌బోర్డు స్లాట్ నుంచే వచ్చేస్తుంది. కొన్ని మోడళ్లు విడిగా వైరు అడుగుతాయి గానీ నాది అడగలేదు. గుచ్చా, స్క్రూ బిగించా, ఆడుకున్నా. అంతే. (మా ముద్దనూరు దగ్గరున్న ఆర్టీపీపీ థర్మల్ కేంద్రం సామర్థ్యం కూడా సరిగ్గా 1650 మెగావాట్లే. ఆ అంకెకీ మా ఏరియాకీ ఏదో రుణం ఉన్నట్టుంది.)

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకుంది. అంతవరకూ గ్రాఫిక్స్ కార్డులు వందల లెక్కన పెట్టి దాన్ని తవ్వుకునేవాళ్లు ఉండేవాళ్లు. ఆ రోజుతో వాళ్ల కార్డులకి పని లేకుండా పోయింది. రెండేళ్లు కొండెక్కి కూర్చున్న ధరలు కిందికి దిగాయి. నేనూ ఆగలేక ఒక ఆర్టీఎక్స్ 3060 తెప్పించా. 12 జీబీ మెమరీ, మూడు ఫ్యాన్లు, 170 వాట్లు. బాక్సు విప్పి చూస్తే కార్డు మా కేబినెట్ కంటే పొడుగు! హార్డ్ డిస్క్ పెట్టే గూడు అడ్డం వస్తోంది. కేబినెట్‌ను సైకిల్ క్యారియర్ మీద పెట్టుకుని వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లా. ఆయన గ్రైండర్‌తో ఆ గూడు కోసేసి చేతిలో పెట్టి, “దీనికి మూడు ఫ్యాన్లా నాయనా, మా ఇంట్లోనే రెండుండాయి” అన్నాడు.

కార్డు పట్టింది. కానీ గేమ్ ఓపెన్ చేసిన పది నిమిషాలకి స్క్రీన్ నల్లగా అయ్యి సిస్టమ్ రీస్టార్ట్. డ్రైవర్ మార్చా, విండోస్ మళ్లీ వేశా, కార్డే పాడైందేమోనని వెనక్కి పంపడానికి రెడీ అయ్యా. మూడు వారాల తర్వాత తేలింది, తప్పు కార్డుది కాదు, ఎస్‌ఎంపీఎస్‌ది.

ఇది కొంచెం ఆగి చదవండి, మీ సిస్టమ్‌ని కాపాడేది ఇదే. ఎస్‌ఎంపీఎస్ అంటే కేబినెట్ వెనక కరెంటు వైరు గుచ్చే డబ్బా. పైన పెద్ద అక్షరాలతో 450, 500 అని ఉంటుంది. దాన్ని నమ్మకండి. పక్కన స్టిక్కర్ మీద చిన్న టేబుల్ ఉంటుంది. అందులో +12 వోల్ట్ అనే గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. ఆ అంకెను 12తో గుణించండి. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ నిజంగా అందే పవర్ అంత. నాది పేరుకు 500 వాట్లు. స్టిక్కర్ మీద 16 ఆంపియర్లు. 16 ఇంటూ 12, 192 వాట్లు. కార్డు ఒక్కటే 170 తింటుంటే ప్రాసెసర్ ఏం తినాలి? కార్డు 24 వేలు పోసి కొన్నోణ్ణి, దానికి కూడు పెట్టే డబ్బా 600 రూపాయలది వాడుతున్నా. అప్పుడు మంచి ఎస్‌ఎంపీఎస్ కొన్నాకే ఇంట్లో గొడవ ఆగింది.

ఈ అనుభవంతో ఆదివారం ప్రొద్దుటూరు బస్సెక్కా.

ప్రొద్దుటూరు అంటే బయటి వాళ్లకి బంగారం. తమ్ముడి గది కూడా ఒక బంగారం అంగడి ఉన్న సందులోనే, రెండంతస్తుల పైన రేకుల గది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు, ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాడు. ఏప్రిల్ ఎండకి గది పొయ్యిలా ఉంది. సిస్టమ్ పక్క డోరు తీసేసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. ఆ ఫ్యాన్ గాలి మనిషికి కాదు, కంప్యూటర్‌కి.

35 వేలు ఎక్కడివి అని అడిగితే ముందు చెప్పలేదు. చిన్నమ్మ చెప్పింది. 50 వేల చీటీ, అవసరం కొద్దీ 15 వేలు వదులుకుని పాడాడంట. మిగతా కంతులు ఎటూ కట్టాల్సిందే. అంత తొందరేంటంటే, ముందు సీజన్‌లో ఒక పెళ్లి వీడియో రెండు నెలలు ఆలస్యంగా ఇచ్చాడు. పెళ్లికూతురు వాళ్లు బ్యాలెన్స్ 18 వేలు ఇవ్వలేదు సరికదా, వాళ్ల చుట్టాల ఇంట్లో పెళ్లి ఇంకొకరికి ఇచ్చేశారు. వైశాఖం ముహూర్తాలు నెత్తి మీద ఉన్నాయి, ఆరు పెళ్లిళ్లు ఒప్పుకున్నాడు. “ఈసారి గాన లేట్ అయితే నన్నెవరు పిలుస్తారన్నా?” అన్నాడు. ఆ మాటలో ఎఫ్‌పీఎస్ లెక్క లేదు, ఇంటి లెక్క ఉంది.

వాడి ప్లాన్ ఆర్టీఎక్స్ 4060. 8 జీబీ మెమరీ, 115 వాట్లే. మంచి కార్డే, అందులో డౌట్ లేదు. కానీ కింద అంగట్లో బంగారం కొనేవాడు ఏం చేస్తాడు? గీటురాయి మీద గీసి చూస్తాడు. మన విండోస్‌లో కూడా గీటురాయి ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే పేజీ. మీ సిస్టమ్ స్లో అయినప్పుడు, సరిగ్గా ఆ టైంలో, ఏ గీత పైకప్పు తాకుతోందో చూడాలి. సీపీయూనా, మెమరీనా, డిస్కా, జీపీయూనా? ఎవడు అలసిపోతున్నాడో చూడకుండా ఎవడికో పాలు పోస్తే ఏం లాభం?

“ఎప్పుడూ చేసే పనే చెయ్యి” అన్నా. ఎడియస్‌లో గంటన్నర పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టాడు, ఒక పక్క ఫొటోషాప్‌లో ఆల్బమ్ తెరిచాడు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 100. మెమరీ 8 జీబీకి 7.6 నిండిపోయింది. డిస్క్ 100, పాత హార్డ్ డిస్క్ గరగరమంటోంది. జీపీయూ? 4 శాతం. అక్కడున్న గ్రాఫిక్స్ కార్డు హాయిగా నిద్రపోతోంది.

ఇంతకీ ఆ నిద్రపోయే కార్డేంటంటే జీటీ 710. సిస్టమ్ అసెంబుల్ చేసిన షాపులో “వీడియో పని అంటే కార్డు ఉండాల్సిందే” అని పెట్టిచ్చారంట. ప్రాసెసర్ మాత్రం మంచిదే, ఐ5-8400. ఇక్కడే నాకు బల్బు వెలిగింది.

ఇంటెల్ ప్రాసెసర్లు చాలావాటిలో లోపలే ఒక చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది. అందులో క్విక్‌సింక్ అని ఒక భాగం. దాని పని ఒక్కటే, వీడియోని కుదించడం, విప్పడం. ప్రాసెసర్‌లోని కోర్లు లెక్కలేసి చెమటోడ్చి చేసే పనిని అది పక్కనుంచి అలవోకగా చేసేస్తుంది. మన ఊళ్లలో పెళ్లి వీడియోలకి ఎక్కువగా వాడే ఎడియస్‌కి ఈ క్విక్‌సింక్ అంటే ప్రాణం. ఎక్స్‌పోర్ట్ పెట్టే చోట హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ అని ఒక టిక్ కూడా ఉంటుంది. తమ్ముడి సిస్టమ్‌లో ఆ టిక్ పడటం లేదు. బూడిద రంగులో ఉంది. మూడేళ్లుగా అలాగే ఉందంట, “అది మనకు రాదేమోలే అనుకున్యా” అన్నాడు.

ఎందుకు రాదంటే, చాలా మదర్‌బోర్డులు స్లాట్‌లో విడిగా కార్డు కనపడగానే ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. బయాస్‌లోకి వెళ్లి మళ్లీ ఆన్ చెయ్యాలి. అంటే ఆ జీటీ 710 తాను పని చెయ్యడం లేదు, పని చేసేవాడిని చెయ్యనివ్వడం లేదు. (ఇలాంటోళ్లు మా ఆఫీసులో కూడా ఉన్నారు, వదిలేద్దాం.)

సిస్టమ్ ఆపి కార్డు పీకేశా. మానిటర్ వైరు తీసి మదర్‌బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐలో పెట్టా. డ్రైవర్ వేసి ఎడియస్ తెరిస్తే టిక్ పడింది. అదే గంటన్నర వీడియో. అంతకుముందు 3 గంటల 20 నిమిషాలు పట్టేది. ఈసారి గంటా 10 నిమిషాలకి అయిపోయింది. ఖర్చు సున్నా. తమ్ముడు నమ్మలేక వీడియో మొత్తం ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు, ఎక్కడైనా తాళి కట్టే సీన్ ఎగిరిపోయిందేమోనని.

ఇదే కారణంతో ఇంకో మాట. ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్లు కొంచెం తక్కువకి వస్తాయి. వాటిలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. గేమింగ్‌కి పెద్ద కార్డు పెట్టుకునేవాళ్లకి ఓకే. ఎడియస్ వాడేవాళ్లు మాత్రం ఆ కొంచెం కోసం ఆశపడొద్దు.

తర్వాత ఎస్‌ఎంపీఎస్ చూశా. చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోయింది, ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంది. పేరు 450 వాట్లు, స్టిక్కర్ మీద 14 ఆంపియర్లు. 168 వాట్లు! దాని మీద 4060 పెట్టి, ఆ రేకుల గదిలో, మే నెలలో ఎక్స్‌పోర్ట్ పెట్టి ఇంటికెళ్లి పడుకునేవాడు. కేబినెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోంది కూడా, ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ లేదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవమన్నా. ఇది కంప్యూటర్ సలహా కాదు, ప్రాణం సలహా.

మొత్తానికి కొన్నవి: 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్, 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. 12 వేల చిల్లర అయ్యింది. ర్యామ్ అప్పుడు కొన్నాం కాబట్టి బతికిపోయాం. అదే ఏడాది చివరికి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ లాగేసుకోవడంతో ధరలు ఎక్కడికో పోయాయి. మైక్రాన్ అయితే డిసెంబర్‌లో క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు చెప్పింది.

మిగిలిన 23 వేలు చూసి వాడి చెయ్యి ఆగలేదు. “ఇంగ చిన్న కార్డన్నా తీసుకుందాం అన్నా, రంగులైట్లు ఉండేది.” నేను కింద అంగడి వైపు చూపించా. నగకి తరుగు, మజూరి వేస్తారు కదా. మళ్లీ అమ్మేటప్పుడు అవి లెక్కలోకి రావు, బంగారం తూకమే. గ్రాఫిక్స్ కార్డుకీ అంతే. చిప్పు ఒకటే. దాని మీద మూడో ఫ్యాను, లైట్లు, ‘ఓసీ’ అనే పేరు, వీటికి నాలుగైదు వేలు ఎక్కువ తీసుకుంటారు. స్పీడ్‌లో తేడా మీ కంటికి కనపడదు. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేటప్పుడు ఆ లైట్లకి రూపాయి కూడా రాదు. బంగారం సందులో పెరిగినోడికి ఈ మాట ఒక్కసారి చెప్తే చాలింది.

ఒక చిక్కు మాత్రం తీరలేదు. వాడితో పనిచేసే క్యాండిడ్ ఫొటోగ్రాఫర్ కొత్త కెమెరా కొన్నాడు. అది తీసే 4కే వీడియో టైమ్‌లైన్ మీద పెడితే ముక్కలు ముక్కలుగా ఆడుతోంది. కారణం ఆ ఫార్మాట్. హెచ్.265లో 10 బిట్, 4:2:2 అనే రకం. రంగులు చాలా బాగుంటాయి, విప్పడం చాలా కష్టం. తమాషా ఏంటంటే, వాడు కొందామనుకున్న 4060కి కూడా ఈ రకాన్ని హార్డ్‌వేర్‌లో విప్పడం రాదు. ఎన్‌విడియా మామూలు కార్డుల్లో ఇది 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్సే చేస్తుంది. వాడిది 8వ తరం. అందుకని ప్రాక్సీలు నేర్పించా. అంటే రాత్రి పూట సిస్టమ్ ప్రతి క్లిప్పుకీ తేలికైన నకలు తయారు చేసుకుంటుంది, పొద్దున నకలు మీద ఎడిట్ చేసి చివర్లో అసలుతో ఎక్స్‌పోర్ట్ చెయ్యడం. చీటీ పాడిన 30 వేలు పోసి కొన్నా తీరని బాధ, ఒక సెట్టింగ్‌తో తీరింది.

ఈ కథ చుట్టాల్లో పాకింది. రెండు వారాలకే పులివెందుల నుంచి ఫోన్. మా మేనత్త కొడుకు, అక్కడే జేఎన్‌టీయూ కాలేజీలో బీటెక్. “బావా, ఎంఎల్ ప్రాజెక్ట్‌కి 4060 కావాల. నువ్వు చెప్తేనే అమ్మ కొనిస్తాదంట.” వెనక నుంచి అత్త గొంతు: “ఏం నాయనా, అది పెడితే ఉద్యోగం వచ్చాదా?”

ఈ రెండు ప్రశ్నల మధ్య ఇరుక్కోవడం కంటే సిస్టమ్ రీస్టార్ట్ అవ్వడమే నయం. వాడి ప్రాజెక్ట్ ఏంటని అడిగా. ఆకుల ఫొటో చూసి అరటి తెగులు చెప్పే మోడల్. పులివెందులలో అరటి తోటలకి తక్కువేముంది, నిజంగా పనికొచ్చే ఐడియానే. కానీ దానికి గూగుల్ కోలాబ్ చాలు. బ్రౌజర్‌లోనే టీ4 అనే 16 జీబీ జీపీయూ ఫ్రీగా ఇస్తుంది. ఎప్పుడూ దొరుకుతుందని గ్యారంటీ లేదు, కొన్ని గంటలకి కట్ చేస్తుంది, కానీ కాలేజీ ప్రాజెక్ట్‌కి సరిపోతుంది. ఇది చెప్పగానే అటు నుంచి ఒక నిమిషం సైలెన్స్. తర్వాత మెల్లగా, “జీటీఏ కూడా ఉంది కదా బావా.”

అదీ అసలు ప్రాజెక్ట్. అటక మీద ఉన్న నా 1650 దుమ్ము దులిపి పట్టుకెళ్లా. జమ్మలమడుగులో నాపరాళ్ల పాలిష్ దుమ్ము ఎంత గట్టిదో ఆ ఫ్యాను విప్పితే తెలిసింది. వాడి సిస్టమ్‌లో ఎస్‌ఎంపీఎస్ మార్చక్కర్లేదు, అదనపు వైరు అక్కర్లేదు. జీటీఏ 5, వాలోరెంట్ ఆడుతున్నాయి. చిన్న మోడళ్లు అదే కార్డు మీద ట్రై చేసుకుంటున్నాడు. అత్త అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పకుండా దోసెలు తిని వచ్చేశా.

మళ్లీ ప్రొద్దుటూరు. వైశాఖం పెళ్లిళ్లు ఆరూ టైంకి ఇచ్చాడు. శ్రావణంలో తొమ్మిది. నవంబర్ చివర్లో మూఢం మొదలైంది, ఫిబ్రవరి దాకా పెళ్లిళ్లు లేవు. ఖాళీగా ఉండలేక డావిన్చీ రిజాల్వ్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు, సినిమా రంగులు రావాలంట. మొన్న ఒక రాత్రి, మళ్లీ పదకొండున్నరకే, మెసేజ్. ఈసారి మాటల్లేవు, టాస్క్ మేనేజర్ స్క్రీన్‌షాట్ ఒక్కటే. సీపీయూ 40. మెమరీ 15. డిస్క్ 6. జీపీయూ 99.

రిజాల్వ్ నడిచేదే గ్రాఫిక్స్ కార్డు మీద. లోపలి చిన్న గ్రాఫిక్స్ ఇక మొయ్యలేదు. ఈసారి గీటురాయి మీద గీత పడింది.

ఇప్పుడు కార్డు అడగొచ్చు. కానీ వాడి మదర్‌బోర్డు పాతది, పీసీఐ 3.0. 4060, 5060 లాంటివి 8 లేన్లే వాడతాయి, 3.0 స్లాట్‌లో దారి సగానికి సన్నబడుతుంది. 8 జీబీ నిండితే ఆ సన్న దారి మీదే ట్రాఫిక్ జామ్. ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ ఉంది గానీ, దానికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం కావాలి, ఇంటెల్ చెప్పేదే 10వ తరం నుంచి. అందుకని వాడికి నేను చెప్పింది, బిల్లు, వారంటీ మిగిలున్న 3060, 12 జీబీది, రెండు ఫ్యాన్లది. 16 లేన్లూ వాడుతుంది. సెకండ్ హ్యాండ్ అయితే అమ్మేవాడి ముందే అరగంట స్ట్రెస్ టెస్ట్ పెట్టమన్నా, సీరియల్ నంబర్ బిల్లుతో సరిచూడమన్నా. కేబినెట్ లోపల టేపు పెట్టి కొలవమని రెండుసార్లు చెప్పా.

“28 సెంటీమీటర్లు ఉందన్నా” అని రిప్లై వచ్చింది. ఆ వెనకే బాక్సు ఫొటో. అప్పటికే కొనేశాడు!

శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నా, నేనొచ్చేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు అని రాశా.